పాచి పనితనం

చెరువు నీళ్లు పచ్చబడితే చాలు, పాచి పట్టిందని మొహం తిప్పుకుంటాం. ఆ పాచిలో ఏయే జాతులున్నాయి, ఏ కాలంలో ఏది పెరుగుతుంది, ఏ నీటిలో ఏది బతకలేదు అని కూర్చుని లెక్క రాసిన పండితులు మన హైదరాబాద్‌లోనే ఉండేవారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర శాఖకు చెందిన ఎ.ఆర్. జాఫర్ ఈ నగరంలోని చేపల చెరువుల పాచి మీద రాసిన వ్యాసాలు 1964లో ‘హైడ్రోబయాలజియా’ అనే అంతర్జాతీయ పత్రికలో రావడం మొదలైంది. 1969లో అదే పత్రికలో వి. వెంకటేశ్వర్లు మూసీ నది పాచిని, ఆ నదిలో కలుస్తున్న మురుగుతో ముడిపెట్టి పరిశీలించారు. 1970లో ఎం. మునవర్ నగరంలోని చెరువుల్లో మురుగు కలిసినవాటినీ కలవనివాటినీ పక్కపక్కన పెట్టి, వాటిలో పెరిగే పాచికి తేడా ఏమిటో చూపారు. ఆయన తర్వాత కెనడా వెళ్లి అక్కడి మహాసరస్సుల పాచిని చదివారు. హైదరాబాద్ చెరువుల గట్ల మీద పట్టుబడిన చూపు అంత దూరం పనికొచ్చింది.

వాళ్ల పని ఎలాంటిదో చెప్పాలి. నీటి వేడి, పిహెచ్, ప్రాణవాయువు, కాల్షియం, సేంద్రియ పదార్థం ఎంతెంతో కొలవాలి. పట్టి తెచ్చిన నీటిని కదపకుండా ఉంచి, పాచి అడుగుకు దిగాక చుక్క తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టి, కనబడిన కణాలకు పేర్లు గుర్తించి లెక్క కట్టాలి. కొన్నాళ్లకు మళ్లీ అదే చెరువు, మళ్లీ అదే లెక్క. ఇంత ఓపిక పట్టినవాడికి పాచి నీటి జాతకం చెబుతుంది. యూగ్లీనా జాతులు దండిగా కనిపిస్తే కుళ్లే మురుగు చేరుతోందని, డెస్మిడ్లు కనిపిస్తే నీరు ఇంకా తేటగానే ఉందని ఆ విద్య తెలిసినవాళ్లు ఒక్క చుక్క చూసి చెబుతారు.

ఇప్పుడు అదే పాచిని పరిశోధకులు మరో ప్రశ్న అడుగుతున్నారు. సీసం, కాడ్మియం, పాదరసం, ఆర్సెనిక్ కలిసిన నీటిలో పెంపుడు చేప బతకాల్సి వస్తే, దాని మేతలో కాస్త పాచి కలిపితే కాపాడగలమా? కొంతవరకు కాపాడగలమనే జవాబు వస్తోంది. ఎందుకు కాపాడగలుగుతుందో చూడబోతే, కంటికి ఆనని ఆ కణంలో ఉన్న పనితనం నన్ను కట్టిపడేసింది. ఈ వ్యాసం దాని గురించే.

ముందు ఊరి సంగతి. పాతబస్తీ నైరుతి అంచున మీరాలం చెరువు ఉంది. హైదరాబాద్ సంస్థానానికి దివానుగా ఉన్న మీర్ ఆలం పేరిట 1804 తర్వాత కట్టింది. దాని కట్టలో 21 అర్ధచంద్రాకారపు కమానులు నీటివైపు ఉబ్బి ఉంటాయి. నీటి తోపుడు కమాను మీద పడి, రెండు పక్కల ఉన్న బలమైన దిమ్మెల్లోకి జారిపోతుంది. రెండు శతాబ్దాలు దాటినా ఆ రాతికట్టు నిలబడే ఉంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ రాకముందు పాతబస్తీ తాగింది ఈ నీళ్లే. ఇప్పుడు కట్ట పటిష్ఠంగానే ఉంది, నీళ్లే పాడయ్యాయి. చెరువుకు దక్షిణాన కాటేదాన్ పారిశ్రామికవాడ ఉంది. అక్కడి నేలను పరీక్షించిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2008లో అచ్చయిన వ్యాసంలో సీసం, క్రోమియం, నికెల్, జింక్, ఆర్సెనిక్, కాడ్మియం ఉండాల్సినదానికంటే ఎక్కువగా ఉన్నాయని రాశారు. నేలలో ఉన్నది వానకు కడుక్కుపోయి పల్లానికి చేరుతుంది. పల్లంలో ఉండేది చెరువు.

చేప ఈ ఊరికి పరాయిది కాదు. మృగశిర కార్తె ప్రవేశించిన రోజు చేప తినని ఇల్లు తెలంగాణలో తక్కువ. ఆ రోజే పాతబస్తీ దూద్‌బౌలీకి చెందిన బత్తిని కుటుంబం కొర్రమీను పిల్ల నోట్లో మందు ఉంచి ఉబ్బసం ఉన్నవారి చేత మింగిస్తుంది. మందు సంగతి వైద్యులకు వదిలేస్తాను. కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప. బురదలో, ప్రాణవాయువు తక్కువైన నీటిలో కూడా పైకొచ్చి గాలి పీల్చి బతకగల జీవి. మిగతా చేపలు చచ్చే నీటిలో ఇది బతుకుతుంది. అందుకే బతికున్న చేప కనబడినంత మాత్రాన ఆ నీళ్లు మంచివని అనుకోకూడదు. బేగంబజార్‌లో అమ్మే బొచ్చె, రోహు చాలావరకు కొల్లేరు చుట్టుపక్కల చెరువుల నుంచి ఐసు పెట్టెల్లో వస్తాయి. 2016 నుంచి తెలంగాణ ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్న చేప పిల్లలు వేల చెరువుల్లో పెరుగుతున్నాయి. ఏ చెరువు నీటిలో ఏ లోహం ఉందన్నది ఇక మత్స్యకారుడి ఒక్కడి బెంగగా మిగలదు.

లోహం చేపలోకి ఎలా చొరబడుతుందో చూస్తే గానీ పాచి గొప్పదనం తెలియదు. చేప మొప్పల నిండా సన్నని రేకులుంటాయి. వాటిలో కొన్ని కణాల పని నీటిలోంచి కాల్షియాన్ని పట్టి రక్తంలోకి పంపడం. కాడ్మియం అయాన్ పరిమాణంలోనూ ఆవేశంలోనూ కాల్షియానికి చాలా దగ్గర. కాల్షియం కోసం తెరిచిన దారిలోంచే అదీ దూరిపోతుంది. నీటిలో కాల్షియం ఎక్కువగా ఉంటే రెంటికీ పోటీ పెరిగి కాడ్మియం తక్కువగా లోపలికి పోతుంది. అందుకే కఠిన జలంలో కాడ్మియం, సీసం, రాగి విషం కొంత మొద్దుబారుతుంది. జాఫర్ తరం వాళ్లు చెరువు నీటిలో కాల్షియాన్ని అంత శ్రద్ధగా కొలవడం వృథా ప్రయాస కాదని ఈ ఒక్క విషయం చాలు చెప్పడానికి.

లోపలికి పోయాక లోహం చేసే పని రెండు రకాలు. ఒకటి, ఎంజైముల్లో ఉండాల్సిన జింకునో మరొక లోహాన్నో పక్కకు నెట్టి తాను కూర్చుంటుంది. ఎంజైమ్ పని ఆగిపోతుంది. రెండోది, కణంలో ఆక్సీకరణ మంట పెడుతుంది. కణం తనను తాను కాపాడుకునే గ్లూటాథయోన్ అనే చిన్న పదార్థం ఖర్చయిపోతుంది. కొవ్వు పొరలు పాడవుతాయి. కాలేయం, మూత్రపిండం, మొప్పలు ముందు దెబ్బతింటాయి. చేప కూడా చేతులు ముడుచుకు కూర్చోదు. మెటలోథయోనిన్ అనే ప్రోటీన్ తయారుచేసి లోహాన్ని దానికి కట్టి పడేస్తుంది. 1957లో గుర్రపు మూత్రపిండంలో మొదట దొరికిన ఈ ప్రోటీన్‌లో దాదాపు మూడోవంతు గంధకం ఉన్న సిస్టీన్ అనే అమైనో ఆమ్లమే. గంధకానికీ కాడ్మియం, పాదరసాలకూ గొప్ప జత. అయితే చేప చేయగలిగిన దానికి ఓ హద్దుంది. లోహం కుళ్లిపోయేది కాదు, మరిగిస్తే పోయేది కాదు. రోజూ కొద్దికొద్దిగా వస్తూనే ఉంటే ఏదో ఒకరోజు కాలేయం చేతులెత్తేస్తుంది.

ఇక పాచి దగ్గరకు వద్దాం. క్లోరెల్లాను తీసుకోండి. 1890లో డచ్చి శాస్త్రవేత్త బైయెరింక్ దానికి ఆ పేరు పెట్టాడు. గుండ్రటి ఆకుపచ్చ కణం. అడ్డంగా 2 నుంచి 10 మైక్రోమీటర్లు. మిల్లీమీటరు పొడవున వరుసగా పేరిస్తే సుమారు రెండు వందలు పడతాయి. ఒకే కణం తిండి వండుకుంటుంది, పెరుగుతుంది, చీలి పిల్లల్ని పెడుతుంది. దాని చుట్టూ ఉన్న కణకవచం చక్కెర గొలుసులతోనూ ప్రోటీన్లతోనూ అల్లింది. ఆ గొలుసుల పొడవునా కార్బాక్సిల్, ఫాస్ఫేట్, అమైనో, హైడ్రాక్సిల్ సమూహాలు బయటికి చూస్తూ ఉంటాయి. మామూలు చెరువు నీటిలో కార్బాక్సిల్ సమూహం తన హైడ్రోజన్‌ను వదిలేసి రుణావేశంతో నిలబడుతుంది. సీసం, కాడ్మియం, రాగి అయాన్లు ధనావేశంతో తిరుగుతుంటాయి. దగ్గరకు రాగానే కాల్షియాన్నో పొటాషియాన్నో వదిలించుకుని గోడ వీటిని పట్టుకుంటుంది. ఈ పట్టులో చాలా భాగం నిమిషాల్లో ముగుస్తుంది. కణం బతికి ఉండాల్సిన పని కూడా లేదు. ఎండబెట్టి పొడి చేసిన పాచి గోడ కూడా లోహాన్ని పడుతుంది.

లాడ్‌బజార్‌లో లక్క గాజులు చేసేవాళ్ల చేతుల్ని గమనించండి. బొగ్గుల సెగ మీద లక్కను మెత్తబరిచి గాజుకు చుట్టి, రాళ్లను ఒక్కొక్కటిగా తీసి అద్దుతారు. లక్కకు తగినంత వేడి ఉన్నప్పుడే రాయి కూర్చుంటుంది. చల్లారితే కూర్చోదు, మరీ కాగితే జారిపోతుంది. క్లోరెల్లా గోడకు ఆ వేడి స్థానంలో పిహెచ్ ఉంది. నీరు బాగా ఆమ్లంగా ఉంటే హైడ్రోజన్ అయాన్లే వచ్చి సమూహాల మీద కూర్చుంటాయి, లోహానికి చోటు దొరకదు. పిహెచ్ 4 నుంచి 6 మధ్య చాలా లోహాలకు పట్టు బాగా కుదురుతుంది. ఇంకా పెరిగితే కొన్ని లోహాలు తామే గడ్డకట్టి అడుగుకు దిగిపోతాయి, అప్పుడు పాచి పట్టిందేదో తనకు తాను దిగిందేదో తేల్చడం కష్టం. అందుకే పరిశోధనశాలలో పిహెచ్ చెప్పకుండా ఫలితం చెప్పేవాళ్లను నమ్మకూడదు.

గోడ పని అది. లోపలి పని ఇంకా సున్నితమైంది. గోడను దాటి లోపలికి వచ్చిన కాడ్మియాన్ని క్లోరెల్లా వంటి ఆకుపచ్చ పాచి ఫైటోకిలాటిన్ అనే చిన్న గొలుసుతో కట్టేస్తుంది. ఈ గొలుసును 1985లో జర్మనీలోని మ్యూనిక్ శాస్త్రవేత్తలు గ్రిల్, విన్నాకర్, జెంక్ మొక్కల్లో కనిపెట్టారు. తర్వాత పాచిలోనూ కనిపించింది. దీన్ని అల్లే ఎంజైమ్ కణంలో ముందే ఉంటుంది, ఊరికే కూర్చుని ఉంటుంది. కాడ్మియం వచ్చి తాకగానే మేలుకుని గ్లూటాథయోన్ ముక్కల్ని ఒకదానికొకటి అతికిస్తూ గొలుసు అల్లుతుంది. ఆ గొలుసు కాడ్మియాన్ని చుట్టేస్తుంది. విడిగా తిరిగే కాడ్మియం అయిపోగానే ఎంజైమ్ మళ్లీ ఆగిపోతుంది. విషమే తన సంకెళ్లను తానే చేయించుకుంటుంది, సంకెళ్లు పడగానే పని ఆగుతుంది. ఒక్క అణువు కూడా దుబారా పోదు. కట్టిన మూటను కణం తన సంచిలో ఒక మూలకు తోసేస్తుంది. ఏ ఇంజనీరైనా గీసిన నక్షా ఇంత పొదుపుగా ఉంటే నేను చేతులెత్తి మొక్కుతాను.

సముద్రపు పాచిలో మరో వింత ఉంది. థలాసియోసిరా అనే డయాటం జింకు దొరకని నీటిలో, జింకుతో నడవాల్సిన ఒక ఎంజైమ్ పనిని కాడ్మియంతో నడిపించుకోగలదు. ఆ కాడ్మియం ఎంజైమ్ వివరం 2005లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. ప్రపంచానికంతా విషమైనదాన్ని పనిముట్టుగా మార్చుకున్న ఈ జాతినే మన కోస్తాలోని రొయ్యల హేచరీల్లో పిల్లల మేతకు పెంచుతారు. అక్కడ పాచి పెంచే కుర్రాళ్ల చేతి పని గురించి చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం.

విశాఖ నుంచి నెల్లూరు దాకా తీరం పొడవునా వనామీ రొయ్య పిల్లల హేచరీలున్నాయి. ప్రతిదానిలో పాచి గది ఒకటి ఉంటుంది. చల్లటి గది, తెల్లటి ట్యూబులైట్లు. పరీక్ష నాళికలో ఉన్న విత్తు పాచిని చిన్న ఫ్లాస్కులోకి, అక్కణ్నుంచి పెద్ద ఫ్లాస్కులోకి, కార్బాయ్‌లోకి, చివరికి ఆరుబయటి తొట్టిలోకి ఎక్కిస్తారు. ఒక్కో మెట్టుకీ కొన్ని రోజులు. ఎక్కడ ఒక్క ఈగ పడినా, చేయి శుభ్రంగా లేకపోయినా, ఒక్క సీలియేట్ పురుగు దూరినా తొట్టె మొత్తం పారబోయాలి. పాచి తేరుకుందో లేదో అనుభవజ్ఞుడు రంగు చూసి చెప్పేస్తాడు. కీటోసెరాస్, థలాసియోసిరా బాగా పెరిగితే నీరు బంగారు గోధుమ రంగుకు వస్తుంది. బూడిద పడినట్టు కనిపిస్తే ఏదో తేడా చేసిందని అర్థం.

ఆ పాచికి పెట్టే పోషక ద్రవం చూడండి. గిలార్డ్ అనే అమెరికన్ తయారుచేసిన ఎఫ్/2 ద్రవంలో లీటరుకు మైలతుత్తం దాదాపు 10 మైక్రోగ్రాములు మాత్రమే. ఆ రాగి లేకపోతే పాచి పెరగదు, మోతాదు బాగా మించితే చస్తుంది. విడిలోహం కణాన్ని కాల్చకుండా ఈడీటీఏ అనే కట్టుడు పదార్థం కలుపుతారు. హేచరీ నీటిలోనూ లోహాల భయంతో అదే ఈడీటీఏ వేస్తారు. అంటే లోహాన్ని బంధించడం అనే ఒకే సూత్రం పాచి గోడలోనూ, చేప కాలేయంలోనూ, హేచరీ సీసాలోనూ పని చేస్తోంది.

మంచినీటి చేప రైతుకు అందుబాటులో ఉన్నది స్పిరులినా. చారిత్రకంగా ఆఫ్రికాలోని చాద్ సరస్సు దగ్గరి కానెంబు జనం, మెక్సికోలో అజ్‌టెక్కులు దాన్ని చెరువుల్లోంచి దేవుకుని రొట్టెలుగా తిన్నారు. నిజానికి అది పాచి రూపంలో ఉన్న సూక్ష్మజీవి, సయనోబాక్టీరియా. పొడి బరువులో సగానికి పైగా ప్రోటీన్. చుట్లుచుట్లుగా తిరిగిన దారంలా ఉంటుంది కాబట్టి మెత్తటి బట్టతోనే వడకట్టవచ్చు. క్లోరెల్లాను అలా వడకట్టలేం, యంత్రం పెట్టి గిరగిరా తిప్పి తీయాలి. స్పిరులినా పెరిగే నీరు పిహెచ్ 9 నుంచి 10.5 దాకా ఉండే సోడా నీరు. జరూక్ అనే శాస్త్రవేత్త రాసిన పోషక ద్రవంలో లీటరుకు 16.8 గ్రాముల సోడియం బైకార్బనేట్ ఉంటుంది. ఇంత సోడాలో వేరే పాచి, పురుగులు పెద్దగా బతకవు. అందుచేత కావలసిన పంట తేలిగ్గా శుభ్రంగా ఉంటుంది. దాని గోడలో సెల్యులోజ్ లేదు, చేప కడుపులో సులువుగా అరుగుతుంది. క్లోరెల్లా గోడ గట్టిది, ముందే పగలగొడితే గానీ లోపలి సారం చేపకు పూర్తిగా దక్కదు.

మేతలో కలిసిన పాచి ఏం చేస్తుంది? పేగులో దాని గోడ ముక్కలు లోహాన్ని పట్టుకుని రక్తంలోకి పోనివ్వకుండా మలంతో బయటికి పంపిస్తాయి. స్పిరులినాలోని నీలి వర్ణకం ఫైకోసయనిన్, స్పిరులినా, క్లోరెల్లా రెండింటిలోనూ ఉన్న కెరోటిన్లు ఆక్సీకరణ మంటను ఆర్పుతాయి. కాలేయంలో గ్లూటాథయోన్ నిల్వ తరగకుండా నిలబడుతుంది, కేటలేస్ వంటి ఎంజైములు మళ్లీ పుంజుకుంటాయి. మేత రుచించి చేప తింటూ పోతే ఎదుగుదల ఆగదు, రోగనిరోధక శక్తి పడిపోదు. ఈజిప్టులోని మన్సూరా విశ్వవిద్యాలయ పశువైద్య శాస్త్రవేత్తలు 2014లో నైలు తిలాపియాకు ఆర్సెనిక్ నీటిలో క్లోరెల్లా పొడి కలిపిన మేత పెట్టి, ఆర్సెనిక్ దెబ్బకు కుంగిన రోగనిరోధకత తేరుకోవడం, ఆక్సీకరణ నష్టం తగ్గడం చూపారు. ఇలాంటి పరీక్షలు ఇంకా వచ్చాయి. చాలావరకు అవి గాజుతొట్లలో, కొన్ని వారాలపాటు జరిగినవి. మన ఎకరాల చెరువులో, వానాకాలం నుంచి ఎండాకాలం దాకా పెరిగే రోహుకు అదే ఫలితం వస్తుందని ఇప్పుడే ప్రమాణం చేయడం తొందరపాటు. అయినా దారి సరైనదని నా అభిప్రాయం. ఎందుకంటే చేప శరీరం ఏ పనిలో అలిసిపోతుందో ఆ పనిలోనే పాచి చేయి వేస్తోంది.

ఇక్కడో మెలిక ఉంది, దీన్ని దాటవేస్తే మొత్తం విద్యే తలకిందులవుతుంది. పాచి లోహాన్ని మాయం చేయదు. పట్టుకుంటుంది, అంతే. మురికినీటిలో పెరిగిన పాచిలో లోహం చేరి ఉంటుంది. దాన్ని తెచ్చి చేపకు తినిపిస్తే కాపాడాలనుకున్న చేపకే విషం అందిస్తాం. అందుకే తినిపించే పాచి వేరు, నీటిని తుడిపించే పాచి వేరు. ఒకటి శుభ్రమైన నీటిలో, పరీక్షించిన ఎరువుతో పెరగాలి. చవకైన ఫాస్ఫేట్ ఎరువుల్లో కాడ్మియం కలిసి ఉంటుంది. ఆ ఎరువుతో పెంచిన స్పిరులినాలో అది చేరుతుంది. రంగు చూసో, వాసన చూసో దాన్ని పసిగట్టలేం. రెండోది మురుగు నీటిలో, పరిశ్రమల నీటిలో పెట్టి లోహం తీయించాల్సింది. తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ మురుగు నీటిని సూక్ష్మశైవలాలతో శుద్ధి చేయడం మీద పని చేస్తోంది. లోహం పట్టిన పాచిని గుళికలుగా చేసి, పలుచని ఆమ్లంతో కడిగితే లోహం ఊడి వస్తుంది, పాచి మళ్లీ పనికొస్తుంది. ఈ రెండు పాచులు ఏనాడూ ఒకే తొట్టెలో కలవకూడదు.

మరో జాగ్రత్త. పచ్చగా కనిపించేదంతా చేపకు నేస్తం కాదు. వేసవిలో మురుగు చేరే చెరువుల మీద మీగడలా తేలే మైక్రోసిస్టిస్ అనే నీలి-ఆకుపచ్చ పాచి కాలేయాన్ని దెబ్బతీసే విషాన్ని వదలగలదు. పాచి దట్టమైతే రాత్రిపూట ప్రాణవాయువు కరువై తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. చెరువు రైతులు నీటిలో చెయ్యి మోచేతి దాకా ముంచి, వేళ్లు కనబడుతున్నాయో లేదో చూసి పాచి ఎంత దట్టమైందో అంచనా వేస్తారు. మంచి పద్ధతే. అయితే అది దట్టమెంతో చెబుతుంది, జాతి ఏదో చెప్పదు. జాతి చెప్పేది సూక్ష్మదర్శినే. ఒకప్పుడు ఉస్మానియాలో నేర్పిన ఆ విద్య ప్రతి జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో ఒక్కరికైనా వచ్చి ఉండాలని గట్టిగా కోరుకుంటాను.

లోహం చేపలో ఎక్కడ చేరుతుందో కూడా తెలుసుకోవాలి. సీసం, కాడ్మియం మాంసంలో కంటే మొప్పల్లో, కాలేయంలో, మూత్రపిండాల్లో ఎక్కువగా పోగవుతాయి. పాదరసం మాత్రం మిథైల్ రూపంలో మాంసంలోకే చేరుతుంది, పైగా చిన్న చేపను తినే పెద్ద చేపలో మరింత పెరుగుతుంది. అడుగున బురదలో మేసే చేపలకు బురదలోని లోహం దగ్గర. జపాన్‌లో మినమతా పాదరసం, జింజూ నది కాడ్మియం మనుషుల్ని ఎలా వంకర తిప్పాయో ప్రపంచం చూసింది. చేపలో సీసం కిలోకు 0.3 మిల్లీగ్రాములకు మించకూడదని అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ హద్దు పెట్టింది. ఆ హద్దు దాటిందో లేదో నాలుక చెప్పదు, ప్రయోగశాలే చెప్పాలి.

మత్స్యకార సహకార సంఘాల పెద్దలకూ, మత్స్యశాఖకూ ఒక విన్నపం. పాతబస్తీ చుట్టుపక్కల గానీ, పరిశ్రమల దిగువన గానీ ఉన్న చెరువులో చేప పిల్లల్ని వదిలే ముందు ఒకసారి అడుగు బురదను, ముందటి ఏడాది చేప కాలేయాన్ని లోహ పరీక్షకు పంపండి. ఫలితం చెడ్డగా వస్తే ఆ ఏడాది పిల్లల్ని వేరే చెరువుకు మళ్లించండి. మేతలో స్పిరులినా కలపదలచిన రైతు, అమ్మేవాడి దగ్గర సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ పరీక్ష కాగితం చూడనిదే కొనకూడదు. ఊరి చెరువు చేప కొనే ఇల్లాళ్లు, మగవాళ్లు మొప్పలను, లోపలి కాలేయాన్ని, పేగులను కొట్టువాడి దగ్గరే తీయించి పారేయించండి.